శెట్టి బ్యాటుకు పట్టు నరాలు

టెన్నిసు నేర్పే పనిలోకి వచ్చేవాళ్లను ఇప్పుడు కోచ్ అంటున్నారు. మా కాలంలో ఆ మర్యాద లేదు. మమ్మల్ని మార్కరు అనేవారు. తెల్లవారకముందే లేచి కోర్టు చిమ్మాలి, సున్నంతో గీతలు గీయాలి, నెట్టు కట్టాలి, సాయంత్రం మెంబర్లతో ఆడాలి, తెగిన బ్యాట్లకు నరాలు బిగించాలి, అందరూ వెళ్లాక పొదల్లో పడ్డ బంతులు వెతకాలి. ఇదంతా ఒక్క మనిషి పని. ఆదోని క్లబ్బులో ఆ ఒక్క మనిషిని నేను.

నా పేరు హుసేనప్ప. మాది దూదేకుల ఇల్లు. నాయన ఇంటింటికీ తిరిగి పరుపుల దూది ఏకేవాడు. నేను మద్రాసులో మేనమామ ఇంట్లో ఉండి, అక్కడి క్లబ్బులో ఒక ముసలి మార్కరు దగ్గర ఆట నేర్చుకుని, ఆంధ్ర రాష్ట్రం రావడానికి కొంచెం ముందు ఊరికి తిరిగి వచ్చాను. నాయనకు నా ఉద్యోగం చివరిదాకా అర్థం కాలేదు. "పెద్దమనుషులు బంతి కొడితే నువ్వు తిరిగి కొడతావు. దానికి జీతమిస్తారా?" అని అడిగేవాడు. ఇస్తారు నాయనా అంటే, "ఇచ్చినన్ని దినాలు తీసుకో" అని నవ్వేవాడు.

జీతం ఎంత, ఎప్పుడు పెరిగింది, ఎవరు సర్టిఫికెట్ ఇచ్చారు అన్నవి మీకు అక్కర్లేదు. ఈ పనిలో నాకు బుద్ధి చెప్పిన సంగతులు కొన్ని ఉన్నాయి. అందులో ఒక శెట్టిగారి సంగతి పెద్దది. అది చెప్పడానికే కూర్చున్నాను.

పేడ అలికిన కోర్టు

మాది నల్లరేగడి నేల. ఎండితే నెర్రెలు విచ్చుకుంటుంది, తడిస్తే కాలికి అతుక్కుని వదలదు. దాని మీద టెన్నిసు ఆడటం అయ్యే పని కాదు. అందుకని కొండ పక్కనుంచి ఎర్రమన్ను తెప్పించి, మొరం కలిపి, దిమ్మిస కొట్టి, పైన పేడ అలికేవాళ్లం. ఇంటి వాకిలి అలికినట్టే. ఎండకు ఆరాక దాని మీద బంతి చక్కగా లేచేది.

ఇంగ్లండులో వింబుల్డన్ అనే చోట పచ్చిక మీద ఆడతారని నేను చెబితే మెంబర్లలో సగం మంది నమ్మలేదు. ఇక్కడ ఎండాకాలం పోయి వానలు మొదలయ్యే రోజుల్లో అక్కడ ఆటలు జరిగేవి. ఆ వార్తలున్న ఇంగ్లీషు పేపరు మద్రాసు రైల్లో ఆలస్యంగా వచ్చేది. వకీలుగారు, అంటే మా క్లబ్బు సెక్రటరీ, దాన్ని గట్టిగా చదివేవారు. ఎవరు గెలిచారో ఆయన చదివితే, ఎలా గెలిచి ఉంటారో నేను కోర్టులో నిలబడి చూపించేవాణ్ణి. ప్రపంచంలో పెద్ద పోటీలు నాలుగు, ఇంగ్లండుది, ఫ్రాన్సుది, అమెరికాది, ఆస్ట్రేలియాది, అందులో ఆ రోజుల్లో మూడు పచ్చిక మీదే, ఫ్రాన్సుది ఒక్కటే ఎర్రమట్టి మీద అని చెబితే ఒక మెంబరు, "అట్లయితే ఫ్రాన్సోళ్లు మన కులమే, పేడ ఒకటి తక్కువ" అన్నాడు.

ఆడించడం, గెలిపించడం

వకీలుగారు నన్ను పనిలో పెట్టుకున్న రోజే ఒక మాట చెప్పారు. "హుసేనూ, ఆఫీసర్లను ఓడించొద్దు." నేను తలూపాను. కొన్నాళ్లు అలాగే చేశాను కూడా. వచ్చిన బంతినల్లా నెట్టుకు కొట్టి ఓడిపోయేవాణ్ణి. ఒకరోజు ఒక తహసీల్దారు బ్యాటు కింద పెట్టి, "నన్ను ఎగతాళి చేస్తున్నావా?" అని వెళ్లిపోయాడు. అది న్యాయమైన కోపం. మనిషికి అందీ అందనట్టు బంతి వేయాలి, ఆయన పరుగెత్తి అందుకోవాలి, అందుకున్నందుకు మురిసిపోవాలి. గెలుపు ఎవరిదైనా ఫరవాలేదు. ఊరికే గెలిపించడం అవతలి మనిషిని తక్కువ చేయడమే. మీరు ఎవరికి నేర్పినా ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి.

ఇంకో సంగతి. ఏటా చలికాలంలో మా క్లబ్బుకూ ఎమ్మిగనూరు వాళ్లకూ కలిపి పోటీ జరిగేది. అందులో నాకు చోటు లేదు. జీతం తీసుకుని ఆడేవాడు పోటీలో దిగకూడదు. మా ఊరి రూలు కాదది. వింబుల్డన్‌లో కూడా అంతే. అక్కడ కప్పు గెలిచిన మొనగాడైనా సరే, డబ్బు పుచ్చుకుని ఆడటం మొదలుపెడితే మర్నాటినుంచి ఆ గేటు మూసుకున్నట్టే. ఆ మహారాజుకూ నాకూ ఒకటే శిక్ష అని నవ్వుకునేవాణ్ణి. నవ్వుకున్నానని బాధ లేదనుకోకండి. గీతలు గీసింది నేను, ఆడేది ఇంకొకరు. అరవై ఎనిమిదిలో పెద్ద పోటీలు ఒక్కొక్కటిగా జీతగాళ్లకు తలుపులు తెరుస్తున్నాయని పేపర్లో చదివాను. చదివిన రోజు నేను మోకాలికి ఆముదం రాసుకుంటున్నాను.

నాగయ్య శెట్టి

పత్తి మండీ నాగయ్య శెట్టికి నలభై ఏళ్లప్పుడు చక్కెర జబ్బు వచ్చింది. డాక్టరు ఒళ్లు వంచమన్నాడు. పంచె ఎగ్గట్టుకుని, కనకాంబరం రంగు శాలువాతో క్లబ్బుకు వచ్చాడు. తెల్ల ప్యాంటు కుట్టించుకోవడానికి సిగ్గుపడి నెల తాత్సారం చేశాడు. మొదటి రోజే లెక్క దగ్గర పేచీ పెట్టుకున్నాడు.

"పదునైదు, ముప్పై, సరే. దాని మీద నలభై ఏందప్పా? నలభై అయిదు కావల్ల కదా. ఆ అయిదు ఎవరు మింగినారు?"

"ఫ్రాన్సు రాజులు అన్నా. వాళ్ల కాలం నుంచి అంతే."

"రాజులు మింగితే అడిగేదానికి లేదులే" అని ఆడటం మొదలుపెట్టాడు.

చూస్తుండగానే ఆ మనిషికి ఆట పట్టుకుంది. గొప్ప ఆటగాడు కాడు. ఎడమ వైపు బంతి వస్తే ఇప్పటికీ నా కళ్ల ముందు తడబడుతూనే ఉంటాడు. కానీ అంత సంతోషంగా పరుగెత్తిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఒక సాయంత్రం క్లబ్బు బావి గట్టు మీద కూర్చుని చెప్పాడు. వాళ్ల నాయన పోయినప్పుడు ఆయనకు పదిహేనేళ్లు. పదకొండో దినం కర్మ అయిపోగానే తల్లి ఆయన్ను మండీలో కూర్చోబెట్టింది. "ఆ పొద్దు నా చేతిలో బొంగరం ఉండె. అమ్మ దాన్ని గుంజుకొని పెట్టెలో పెట్టి తాళమేసె. తప్పు కాదులే, ఆమె మాత్రం ఏం చేస్తాది? మండీ పోతే ఇల్లు పోయినట్టే కదా. అప్పటినుంచి ఇప్పుడే హుసేనూ, నేను ఆడుకునేది."

ఆ తల్లి పేరు కన్యకమ్మ. మహా మడి మనిషి. ఆమె వంటింటి గడప కొడుకు కూడా స్నానం చేయకుండా తొక్కడు.

దసరా పూజ

మా ఊళ్లో ఆయుధపూజ నాడు ఎవరి పనిముట్లు వాళ్లు దేవుడి ముందు పెట్టుకుంటారు. శెట్టి తక్కెడలు పెట్టాడు, రాళ్లు పెట్టాడు. వాటి పక్కనే టెన్నిసు బ్యాటు కూడా పెట్టాడు. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశాడు. నేను పండుగ పలకరింపుకు వెళ్లి వాకిట్లోనుంచి చూశాను. నా పనిముట్టుకు ఇంత మర్యాదా అని కళ్లు చెమర్చాయి.

కాసేపటికి వకీలుగారు వచ్చారు. మంచివారే కానీ ఆయన నోరు ఆయన మాట వినదు. బ్యాటును చూసి పకపకా నవ్వారు. "ఏం శెట్టీ, గొర్రె పేగులకు కుంకుమ పెట్టినావే!"

లోపలినుంచి కన్యకమ్మ వచ్చింది. "ఏం పేగులు?"

వకీలుగారు ఇక ఆగలేకపోయారు. బ్యాటుకు కట్టే నరం గొర్రె పేగును కడిగి, పురి పెట్టి, ఎండబెట్టి చేస్తారని, వింబుల్డన్ మొనగాళ్లు ఆడేది కూడా దానితోనేనని, వందల ఏళ్లుగా దానికి సాటి వచ్చేది లేదని కోర్టులో వాదించినట్టు చెప్పారు. శెట్టి ముఖం పాలిపోయింది. ఆయనకు నిజంగా తెలియదు. నన్ను ఎప్పుడూ అడగలేదు, నేను ఎప్పుడూ చెప్పలేదు.

ఆమె అరవలేదు. దేవుడి గదిలోని సామానంతా బయట పెట్టించి, కడిగించి, తలస్నానం చేసి వచ్చి కొడుకుతో ఒక్క మాట అంది. "అది ముట్టుకున్న చేత్తో నువ్వు నాకు మంచినీళ్లు ఇచ్చినా నేను తాగను నాయనా."

మర్నాడు శెట్టి బ్యాటును గుడ్డలో చుట్టి తెచ్చి నాకిచ్చాడు. "నీ దగ్గరే పెట్టుకో."

"నా దగ్గరే ఉంటాది అన్నా. మీరు ఈడికొచ్చి ఆడి, స్నానం చేసి పోండి."

"దినామూ అమ్మకు అబద్ధమాడినట్టు ఉంటాది హుసేనూ. ఆమెకు కష్టమైనాక నాకేం ఆట?"

ఆ తర్వాత ఆయన క్లబ్బులోకి రాలేదు. కానీ సాయంత్రమయ్యేసరికి మండీ పంచెతోనే కంచె అవతల నిలబడేవాడు. బంతి ఎటు పోతే తల అటు తిరిగేది. మనిషికి ఏదీ ఇవ్వకపోవడం ఒక ఎత్తు, ఇచ్చి తీసుకోవడం ఒక ఎత్తు.

నాయన మాట

ఇంటికి పోయి నాయనతో చెప్పాను. ఆయన దూదేకే విల్లు గోడకు తగిలించి ఉంది. ఆ విల్లుకు కట్టిన నరాన్ని చూస్తుండగా నాకు తట్టింది. అదీ గొర్రె పేగే! శెట్టి ఇంట్లో పరుపులు, దిండ్లు, అన్నిటి దూదీ నాయన ఏటా వాళ్ల వాకిట్లో కూర్చుని ఏకింది ఆ నరంతోనే. కన్యకమ్మ పండుకునే పరుపు కూడా.

"రేపే పోయి చెప్తా నాయనా. ఆమె ఏమంటాదో చూస్తా" అని ఎగిరాను.

నాయన చిలుము పక్కన పెట్టాడు. "సెప్పు. సెప్తే నువ్వే గెలుస్తావు. గెలిచినాక ఆ ముసలామె రాత్రికి యాడ పండుకుంటాది రా?"

ఆ నరం సంగతి ఆమె ముందు ఎత్తకూడదనుకున్నాను. ఈ పనిలో నాకు గురువులు చాలామంది ఉన్నారు కానీ ఈ మాట చెప్పింది బ్యాటు ఎప్పుడూ పట్టని మనిషి. ఎదుటివాడు కొట్టలేని బంతి మీ చేతిలో ఉన్నంత మాత్రాన వేయాలని లేదు.

అయినా మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో నిలబడి, "అవ్వా, ఆయన దినామూ కంచె కాడ నిలబడతాండాడు. నాకు చూడబుద్ధి కాలేదు, అందుకే వచ్చినా" అన్నాను.

ఆమె గడప దాకా వచ్చి నిలబడింది. తర్వాత అడిగింది. "ఆ పేగు తప్ప వేరే దారంతో ఆడేదానికి రాదా అప్పా? మనది పత్తి ఊరు. నూలు కడితే?"

నూలు కట్టి చూశాను. బంతి పరుపులో పడ్డట్టు పడి అక్కడే ఉండిపోయింది. ఉక్కు తీగ కడితే బంతి చీరుకుపోయింది. మళ్లీ వెళ్లి ఆ సంగతి చెప్పాను. మద్రాసులో మా ముసలి మార్కరు, పేగు నరం దొరకని రోజుల్లో పట్టుదారం కట్టేవారని చెప్పేవాడు. అదీ చెప్పాను. కన్యకమ్మ తన ఒంటిమీది మడి చీర వంక చూసుకుంది. అది పట్టు చీర.

"పట్టయితే మడికి పనికొస్తాది. దేవుని కాడికే కట్టుకొని పోతాము, బంతి ఎంత?" అంది. ఆ ఇంట్లో ఆమె నవ్వడం నేను అప్పుడే చూశాను.

ఎమ్మిగనూరు పట్టు

ఎమ్మిగనూరులో ఈరన్న అనే నేతపనివాడు నాకు తెలుసు. బస్సెక్కి పోయి సంగతి చెబితే బ్యాటును అటూ ఇటూ తిప్పి చూశాడు. "చీరలు నేసినా, పంచెలు నేసినా. బంతికి యాపొద్దూ నేయలేదు. ఇది నేసేది కాదులే, పేనేది" అని పని మొదలుపెట్టాడు. పోగుల మీద పోగులు కలిపి, పురి పెట్టి, జిగురు పట్టించి, ఎండలో లాగి కట్టాడు. మొదటిది బిగిస్తుంటేనే పుటుక్కున తెగింది. రెండోది నిలిచింది. పసుపుపచ్చగా, మెత్తగా మెరుస్తూ ఉన్న ఆ బ్యాటును చూసి క్లబ్బులో అందరూ పెళ్లికొడుకు బ్యాటు అన్నారు.

శెట్టి మళ్లీ కోర్టులోకి వచ్చాడు. పట్టు బ్యాటుతో ఆడిన రోజు కాళ్లు కడుక్కుని ఇంట్లోకి పోతే చాలు, తలస్నానం అక్కర్లేదని తల్లి ఒప్పుకుంది. కానీ పట్టు పట్టే, పేగు పేగే. బంతికి వేగం రాదు. పైగా రోజూ ఒక పోగు లేచేది. నేను జిగురు రాసి అణిచేవాణ్ణి. ఇది ఎక్కువ కాలం ఆగదని శెట్టికీ చెప్పాను, ఆయన ఇంట్లోనూ చెప్పాడు. "తెగితే ఏం చేస్తావు?" అని తల్లి అడిగిందట. "తెగితే ఆట చాలించి వస్తానమ్మా. పేగు బ్యాటు ముట్టుకోను" అన్నాడట.

ఆ ఏడు చలికాలం పోటీలో ఆ పట్టు బ్యాటుతోనే శెట్టి ఒకరి తర్వాత ఒకరిని ఓడించి ఫైనలుకు వచ్చాడు. కొందరు మెత్తటి బంతికి అలవాటు పడలేక ఓడారు. ఎమ్మిగనూరు డాక్టరు మాత్రం ఆ బ్యాటును చూసి నవ్వడం ఆపలేక ఓడాడు.

ఫైనలు

ఫైనల్లో ఎదురుగా సబ్ కలెక్టరు. కుర్రవాడు, చదువుకున్నచోట టెన్నిసు బాగా ఆడినవాడు. ఆట మొదలయ్యే ముందు కంచె అవతల ఒక జట్కా వచ్చి ఆగింది. పరదా కొంచెం పక్కకు జరిగింది. కన్యకమ్మ. ఆమె గుడికి తప్ప ఇల్లు కదలగా ఊళ్లో ఎవరూ చూడలేదు. నేను పరుగెత్తి వెళ్లి, "లోపలికి రండి అవ్వా, కుర్చీ వేయిస్తా" అన్నాను. "ఈడినుంచే కనపడతాది, పో నాయనా" అంది.

మొదటి సెట్టు శెట్టి పోగొట్టుకున్నాడు. రెండోది గెలిచాడు. ఆయన ఎడమ వైపు బంతిని కూడా ఎలాగో అందుకుంటున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది, ముఖమంతా నవ్వే. మూడో సెట్టు చెరిసగంగా నడుస్తుండగా పట్టు నరం తెగింది. ఒకటి తెగాక పక్కవి ఆగుతాయా? బ్యాటు మధ్యలో చిల్లు పడింది.

సబ్ కలెక్టరు మంచివాడు. వెంటనే తన రెండో బ్యాటు తెచ్చి శెట్టి ముందు పట్టుకున్నాడు. పేగు నరాల బ్యాటు. శెట్టి చేయి కొంచెం ముందుకు వచ్చింది, ఆగింది. రెండు చేతులూ జోడించాడు. "చాలు సార్. మీరే గెలిచినారు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ ఆ గొంతు నాకు తెలుసు. పక్కనే ఉన్న నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు.

అప్పుడు కంచె అవతలినుంచి కేక వినిపించింది.

"నాగయ్యా!"

అందరం తిరిగాం. కన్యకమ్మ జట్కా దిగి కంచె పట్టుకుని నిలబడి ఉంది. అంతమంది మగవాళ్ల ముందు తలమీద కొంగు లాక్కుని, గట్టిగానే అంది. "ఒకసారి నీ చేతిలోది గుంజుకున్నా. ఇంగోసారి నా చేత కాదు. తీసుకో ఆ బ్యాటు. ఆడుకో. ఇంటికొచ్చి తలకు పోసుకుందువు."

శెట్టి తల్లి వైపు చూశాడు, బ్యాటు వైపు చూశాడు, తీసుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఆడిన ఆట నాకు వింబుల్డన్ కంటే ఎక్కువ. గెలవలేదు. పేగు బ్యాటు వేగం మరిచిపోయిన చేతికి బంతులు గీత దాటి పోయాయి. ఓడిపోయి, సబ్ కలెక్టరును కౌగిలించుకుని, బావిగట్టు మీద కూలబడి పిల్లవాడిలా నవ్వాడు.

నేను ఆయన సామాను మోస్తూ వెంట వెళ్లాను. తల్లి జట్కా వెనకే మా జట్కా. ఆమె దిగిన కాసేపటికే మేం దిగాం. పెరట్లోకి పోయేసరికి రాగి కాగులో నీళ్లు సలసలా కాగుతున్నాయి. పక్కన కుంకుడుకాయ రసం, తువ్వాలు, ఉతికిన పంచె.

శెట్టి ఆశ్చర్యపోయి పనిమనిషిని అడిగాడు. "అమ్మ ఇప్పుడే కదా వచ్చినాది. ఇన్ని నీళ్లు ఎప్పుడు కాగె?"

"అమ్మ బండి ఎక్కకముందే పొయ్యి ముట్టించమని సెప్పి పోయినాది సామీ. ఈ పొద్దు నువ్వు ఏ బ్యాటుతో ఆడినా తలకు పోసుకునే లోపలికి వస్తావంట."